చిగుళ్ళ రంగు

"అక్కా, ఇది కుక్క చెవేనా?"

చెల్లెలు కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే కేకేసింది. పక్క గదిలో లెన్సు తుడుచుకుంటున్న అక్క గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది.

"కాదు, నాది. పోలిక తెలియలేదా?"

"వెటకారం తర్వాత. పొద్దున నేను చూసినప్పుడు ఈ చెవిలో పుండు ఉంది. ఎర్రగా వాచి, అంచున చీము పట్టి. నీ ఫోటోలో గులాబీ రేకులా ఉంది. ఏమైపోయింది నా పుండు?"

"కాస్త ఎరుపు తగ్గించాను, అంతే. మరీ ఘోరంగా ఉంటే చూడలేకపోయాను."

"చూడలేనిది చూపించడానికే తల్లీ నిన్ను ఫోటో తియ్యమన్నది! దీన్నెవరైనా ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటారా? మొదట తీసిందే మళ్ళీ పెట్టు. ఉన్నది ఉన్నట్టు."

"ఉన్నది ఉన్నట్టేలే," అని గొణుక్కుంటూ అక్క కుర్చీ లాక్కుంది.

చెల్లెలు జంతువుల డాక్టరు. వీధి మలుపులో రెండు గదులు, ముందొక వరండా, అదే ఆమె ఆస్పత్రి. పొద్దున పూట అక్కడికొచ్చే కుక్కల్నీ పిల్లుల్నీ చూసి, ఆ తర్వాత ఊరి బయట పశువుల కొట్టాలకి వెళ్తుంది. ఆ సమయంలో ఎవరైనా వస్తే, ఆ జంతువు కన్నో, చిగుళ్ళో, పుండో దగ్గరగా ఫోటో తీసి అక్క ఆమె ఫోన్‌కి పంపుతుంది. అది చూసి చెల్లెలు మందు చెబుతుంది, లేదా ఉన్నపళంగా బయల్దేరి వస్తుంది. జబ్బు తగ్గుతోందా, ముదురుతోందా అని పోల్చి చూసుకోవడానికి కూడా ఆ ఫోటోలే ఆధారం.

అక్కకు ఈ పని కొత్త, కెమెరా కొత్త కాదు. ఆమె చాలా ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపింది. ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చినవాళ్ళ మొటిమలు, నిద్రలేని తల్లుల కళ్ళ కింద నలుపు, జబ్బు పడి లేచినవాళ్ళ బుగ్గల్లో పాలిపోయిన రంగు, అన్నీ ఆమె చేతుల్లో మాయమయ్యేవి. తమ ముఖం కంటే రవ్వంత మెరుగైన ముఖాన్ని కవర్లో పెట్టుకుని జనం సంతోషంగా వెళ్ళేవాళ్ళు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, స్టూడియోకి తాళం పడింది. "ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బావ బుర్ర తింటావు. వచ్చి నాకు ఫోటోలు తియ్యి," అని చెల్లెలు పిలిచింది.

జంతువుల్ని దగ్గరగా తీయడం మనుషుల్ని తీసినట్టు కాదని అక్కకి త్వరగానే అర్థమైంది. ఊపిరి బిగపట్టమంటే అవి బిగపట్టవు. తడి ముక్కు మీద ఫ్లాష్ సూటిగా పడితే తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ మిగలదు. అందుకని ఫ్లాష్‌కి పల్చటి గుడ్డ చుట్టి, వెలుగు పక్క నుంచి పడేలా చేసుకుంది. ఇక కెమెరాకి లోకమంతా బూడిదరంగులోనే ఉంటుందని ఒక మొండి నమ్మకం. దాని మానాన దాన్ని వదిలేస్తే నల్లకుక్కనీ బూడిద చేస్తుంది, తెల్లకుందేలునీ బూడిద చేస్తుంది. నలుపుకి వెలుగు కాస్త తగ్గించాలి, తెలుపుకి కాస్త పెంచాలి. ఇవన్నీ ఆమెకి వెన్నతో పెట్టిన విద్యలు. తీసిన ఫోటోని ముట్టుకోకుండా ఊరుకోవడమే చేతకాలేదు.

గోడల సంగతి ఆ తర్వాతి ఆదివారం మొదలైంది. అక్క భర్త రంగుల షాపులో పని చేస్తాడు. ఎవరో కలిపించుకుని, నచ్చక వదిలేసి పోయిన రెండు డబ్బాలు మోసుకుని ఆస్పత్రికి వచ్చాడు. సాయంత్రానికల్లా రెండు గదులూ మాగిన నిమ్మపండు రంగులోకి మారిపోయాయి.

సోమవారం పొద్దున తలుపు తీసిన చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బావా, ఇది ఆస్పత్రా, ఐస్‌క్రీం బండా?"

"తెల్లగోడలు చూస్తే మంచిగా ఉన్నవాడికి కూడా జ్వరమొస్తుంది డాక్టరమ్మా. పైగా కుక్కలకి పసుపు బాగా కనిపిస్తుందట. ఎక్కడో చదివాను."

"నాకు ఫీజు ఇచ్చేది కుక్కలు కాదుగా!"

"నువ్వు వాటికి డాక్టరువి, వాళ్ళకి కాదు. వాటి ఇష్టం చూడాలి."

"ఈయన నోటికి సరిపోయే మూత ఏదీ లేదా అక్కా ఆ షాపులో?"

"ఉంటే నేనెప్పుడో తెచ్చుకునేదాన్ని," అంది అక్క.

అలా నవ్వుకున్నారు గానీ, ఆ రోజు నుంచే ఫోటోలకి పసుపు పట్టుకుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు ఎదురుగోడకి తగిలి, ఆ రంగు పూసుకుని బల్ల మీద పడుతోంది. తెల్లకుందేలు బొచ్చు పాత కాగితంలా వచ్చింది. అక్క కంప్యూటర్‌లో రంగుల మీటని కాస్త నీలం వైపు జరిపింది. కుందేలు మళ్ళీ తన రంగులోకి వచ్చింది. చెల్లెలు చూసి, "ఇది న్యాయమే," అంది. అప్పటి నుంచి ఏ ఫోటో తెరిచినా ముందు ఆ మీట మీదకే చెయ్యి పోయేది, వంటింట్లో అడుగు పెట్టగానే పొయ్యి మంట తగ్గించడానికి చెయ్యి పోయినట్టు. ఎంత జరపాలన్నది కంటితోనే తేల్చుకునేది. తన కంటి మీద ఆమెకి అంత నమ్మకం.

ఆ వారం చివర్లో లెక్కల మేడం వచ్చింది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఉద్యోగం నుంచి రిటైరై ఒంటరిగా ఉంటోంది. ఒంటరిగా అంటే మాత్రం ఆవిడ ఊరుకోదు. ఆవిడకో తెల్లపిల్లి ఉంది. దాని పేరు సుద్దముక్క. ఒంటి మీద వెతికినా మచ్చ దొరకని తెలుపు, రెండు చేతులతో ఎత్తుకోవాల్సినంత బరువు.

"చిన్నమ్మాయి లేదా?" అంది మేడం, బుట్ట బల్ల మీద పెడుతూ.

"కొట్టాల వైపు వెళ్ళింది మేడం. ఏమైంది వీడికి?"

"మొన్నటి నుంచి మెతుకు ముట్టడం లేదు. మామూలుగా అయితే నా కంచంలో కూడా వాటా అడుగుతాడు. పక్కింటి పిల్లిని కాస్త ముద్దు చేశానులే, అందుకని అలిగాడేమో అనుకున్నాను."

"ఇంత అలకా?"

"పౌరుషం ఎక్కువ, నీలాగే. లెక్క తప్పైతే పుస్తకం విసిరికొట్టేదానివి."

"అది నేను కాదు మేడం, చెల్లి."

"ఎవరైతేనేం, ఒక ఇంటివాళ్ళే."

బల్ల మీద పెట్టగానే సుద్దముక్క నీళ్ళలా జారిపోయి బల్ల కిందకి దూరింది. బతిమాలినా బయటికి రాలేదు. చివరికి మేడమే వంగి లాగి, వరండాలోని బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే నెమ్మదించింది. అక్క కెమెరా తీసుకుని అక్కడికే వచ్చింది. వరండాలో ఎండ పడదు, వెలుగు మాత్రం నాలుగు వైపుల నుంచీ మెత్తగా వస్తుంది. మేడం బొటనవేలితో పిల్లి పెదవి పైకెత్తింది. తెల్లబొచ్చు చూసి కెమెరా కంగారుపడి వెలుగు తగ్గించేస్తుందని తెలుసు కాబట్టి అక్క ఒక మెట్టు పెంచింది. తడి చిగుళ్ళ మీద మెరుపు రాకుండా కాస్త పక్కకి జరిగి, వరసగా కొన్ని ఫోటోలు తీసింది.

లోపలికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే ఫోటో మీసాల మొదళ్ళు కనిపించేంత శుభ్రంగా ఉంది. చిగుళ్ళు మాత్రం పసుపుగా ఉన్నాయి.

మళ్ళీ గోడ, అనుకుంది. చెయ్యి మీట మీదకి పోయింది. చిగుళ్ళనే చూస్తూ, అవి చిగుళ్ళలా కనిపించేదాకా జరిపింది. మిగతా రోజుల కంటే కాస్త ఎక్కువే జరపాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నదంతా కత్తిరించి, చిగుళ్ళ మేరకు చెల్లెలికి పంపింది.

చెల్లెలు వెంటనే ఫోన్ చేసింది. వెనక గేదెల అరుపులు వినిపిస్తున్నాయి. "చూశాను. చిగుళ్ళు గులాబీగా, తడిగా, బాగానే ఉన్నాయి. తన బొచ్చే నాకి నాకి కడుపులో ఉండ కట్టి ఉంటుంది. నీళ్ళు తాగించమను. ఎల్లుండికి కూడా తినకపోతే తీసుకురమ్మను."

అక్క ఆ మాటే మేడానికి చెప్పింది.

"గులాబీగా ఉన్నాయందా? అమ్మయ్య," అని మేడం బుట్టలోకి వంగింది. "విన్నావా దొంగా? నాటకాలన్నీ నా దగ్గరేనా?"

మధ్యాహ్నం ఎవరూ రాలేదు. అక్క అన్నం డబ్బా కడిగి బోర్లించి, పొద్దుటి ఫోటోల్ని ఏ జంతువువి ఆ జంతువు పేరు కింద సర్దడానికి కూర్చుంది. ఒక ఫోటోకి చేసిన సవరణని ఆ వరసలో మిగతా ఫోటోలన్నిటికీ ఒకేసారి వేసేయడం ఆమె అలవాటు. అలా సవరించిన సుద్దముక్క ఫోటోలు, ఏదీ కత్తిరించకుండా, తెర మీద నిండుగా పరుచుకున్నాయి.

చిగుళ్ళు గులాబీగానే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న బొచ్చు నీలంగా ఉంది, నీలిమందు ఎక్కువైన తెల్లచొక్కాలా. పెదవి ఎత్తి పట్టుకున్న మేడం బొటనవేలు నెత్తురు లేనట్టు ఉంది.

ఎక్కువ లాగేశానే, అనుకుని మీటని వెనక్కి జరిపింది. నీలం తగ్గింది గానీ పోలేదు. ఇంకాస్త జరిపింది. ఇంకాస్త. మీట మొదట ఉన్న చోటికి, అంటే ఏ సవరణా లేని చోటికి చేరాక గానీ బొచ్చు తెల్లబడలేదు. అప్పుడు బొచ్చు బొచ్చులా ఉంది, వేలు వేలులా ఉంది. ఆ రెండింటి నడుమ చిగుళ్ళు పసుపుగా ఉన్నాయి.

అక్క వీపు కుర్చీని వదిలి ముందుకొచ్చింది.

గోడ రంగు పడితే అన్నిటి మీదా పడాలి. బొచ్చుని వదిలేసి, వేలిని వదిలేసి, చిగుళ్ళను మాత్రం ఏరుకుని పడే వెలుగు ఎక్కడా ఉండదు. అసలు ఈ ఫోటో తీసింది గదిలో కాదు, వరండాలో. అక్కడ ఆ గోడే లేదు.

పసుపు వెలుగుది కాదు. పిల్లిది.

ఆమె ఫోన్ తీసింది. చెల్లెలు ఎత్తేదాకా మోగే ఆ కాసేపట్లో, తను పొద్దున మీట మీద చెయ్యి వేసిన క్షణం ఆమెకి మళ్ళీ మళ్ళీ కనిపించింది.

"చెల్లీ, సుద్దముక్క చిగుళ్ళు గులాబీగా లేవు."

"అంటే?"

"పసుపుగా ఉన్నాయి. గోడ రంగు పడిందనుకుని నేను తీసేశాను. అది గోడది కాదు."

 అవతల గేదె ఒకటి అరిచింది. తర్వాత చెల్లెలు చాలా నెమ్మదిగా అడిగింది. "పిల్లి చిగుళ్ళకి లిప్‌స్టిక్ వేసి నాకు పంపావా?"

"అవును."

"కామెర్లు అక్కా అవి! అంత బొద్దు పిల్లి, మొన్నటి నుంచి తిండి లేదు. ఎల్లుండి దాకా ఆగమన్నాను నేను! ఆవిడకి ఫోన్ చెయ్యి, ఇప్పుడే తీసుకురమ్మను. నేను బయల్దేరుతున్నా."

మేడం ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆవిడ ఫోన్ కట్టేసుకుంటుంది. అక్క వరండా గ్రిల్లుకి తాళం వేసి స్కూటర్ తీసింది.

మేడం ఉండేది మేడ మీద ఒక గదిలో. తలుపు చాలాసేపు కొట్టాక తీసింది. కళ్ళజోడు లేదు, జుట్టు ఒక పక్కకి నలిగి ఉంది.

"ఏమిటే ఈ బాదుడు? ఇల్లేమైనా అంటుకుందా?"

"మేడం, పొద్దున నేను పంపిన ఫోటో తప్పు. వీడికి బాగోలేదు. వెంటనే తీసుకెళ్ళాలి."

"బాగానే ఉన్నాడని మీ చెల్లెలు చెప్పింది కదా."

"అది ఫోటో చూసి చెప్పింది. ఆ ఫోటో రంగు నేను మార్చాను."

మేడం కళ్ళజోడు వెతికి పెట్టుకుని, అక్క ముఖంలోకి చూసింది. "ఎందుకు మార్చావు?"

"చిగుళ్ళు పసుపుగా కనిపించాయి. గోడ రంగు పడిందనుకున్నాను."

"అనుకున్నావు."

ఆ ఒక్క మాటే తిరిగి పలికింది. తిట్టలేదు. 

సుద్దముక్క మంచం కింద ముడుచుకుని ఉంది. అక్క దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కర్టెన్ పక్కకి లాగింది. చెవిని వెలుగు వైపు తిప్పి, లోపలి పల్చటి చర్మం చూపించింది. చెవి వెనక బొచ్చు తెల్లగా ఉంది. లోపలి చర్మం పసుపు.

మేడం దగ్గరగా వంగి చూసింది. "రోజంతా నా ఒళ్ళోనే ఉంటాడు. నాకెందుకు కనిపించలేదు?"

అక్క తలెత్తి గది మధ్యలో వెలుగుతున్న బల్బు చూసింది. పగలు కూడా కర్టెన్లు మూసి ఆ బల్బు వేసుకుని ఉంటుంది మేడం. గోడలు, దుప్పట్లు, పుస్తకాలు, ఆవిడ జుట్టు, అన్నీ ఆ వెలుగులో ఒకే తేనెరంగులో ఉన్నాయి.

"ఈ బల్బు కింద ఎవరికీ కనిపించదు మేడం. నాకు కనిపించింది. చూసి కూడా తుడిచేశాను."

మేడం బుట్ట మూత తెరిచింది. "పద," అంది.

వాళ్ళు వెళ్ళేసరికి చెల్లెలు బురద బూట్లతోనే చేతులు కడుక్కుంటోంది. పిల్లిని వరండాలోకే తెప్పించుకుని కళ్ళు, చిగుళ్ళు, చెవులు చూసింది. రక్తం తీసి పరీక్షకి పంపింది. తర్వాత మేడం పక్కన బెంచీ మీద కూర్చుని మామూలు గొంతుతో చెప్పింది.

"బొద్దు పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివర్లోకి చేరిపోతుంది మేడం. లివర్ పని మందగిస్తుంది. అది మందగిస్తే ఆకలి ఇంకా చచ్చిపోతుంది. దీనికి అసలు మందు తిండే. తనంతట తను తినడు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి మనమే పొయ్యాలి."

"బతుకుతాడా?"

"చెప్పలేను మేడం. మళ్ళీ తనంతట తను తినడం మొదలుపెడితే బతుకుతాడు."

మేడం తలాడించింది. అక్క వైపు చూడలేదు.

పిల్లిని ఆస్పత్రి పంజరంలో ఉంచి ఆవిడ వెళ్ళాక అక్కాచెల్లెళ్ళిద్దరూ లోపలి గదిలో మిగిలారు. చెల్లెలు సిరంజిలు సర్దుతోంది. అక్క గోడకి ఆనుకుని నిలబడింది.

"పొద్దునే తెలిసుంటే?"

"సగం రోజు పోయింది. సగం రోజుకి ఏమీ కాదని నేననను. దాని వల్లే ఏదో అయిందనీ అనను. ఎల్లుండి దాకా ఆగి ఉంటే మాత్రం అనేదాన్ని."

"రేపటి నుంచి నేను రాను."

"రాకుండా?"

"ఇంకెవరినైనా చూసుకో."

"చూసుకుంటాను. ఆమె కూడా ఏదో ఒకటి అనుకుంటుంది. నువ్వు అనుకున్నది తప్పని నువ్వే కనిపెట్టావు. కొత్తగా వచ్చే ఆమె కనిపెడుతుందని ఎవరు చెప్పొచ్చారు?" చెల్లెలు సొరుగు ధడాలున మూసింది. "ఒక్కటి చెప్పు. చెవిలో పుండు ఎరుపు తగ్గించావు. దీని పసుపు తీసేశావు. ఎవరి కోసం చేస్తావు ఇవి? కుక్క అడిగిందా?"

 స్టూడియోలో అది మంచితనమనే అనుకుంది అక్క ఇన్నాళ్ళూ. జబ్బు పడి లేచిన మనిషిని జబ్బుగా చూపిస్తే బాధపడతారని. నిజానికి వాళ్ళు అడగకముందే చేసేసేది. గంటల తరబడి ఆ ముఖాల్ని తెర మీద పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చోవాల్సింది తను. ఆ నలుపునీ, ఆ పాలిపోయిన రంగునీ తను భరించలేకే తీసేసిందేమో.

"నా కోసమే అనుకుంటా," అంది.

"అయితే రేపు కూడా రా," అంది చెల్లెలు. "వచ్చి భరించు."

ఇంట్లో సంగతంతా విని భర్త తినడం ఆపేశాడు. "గోడలకి మళ్ళీ తెల్లరంగు వేసేస్తాను. అంతా నా మూలంగానే వచ్చింది."

"మీ గోడ ఏ పాపం ఎరగదండీ. వరండాలో తీశాను నేను. కూర చల్లారిపోతోంది, తినండి."

మర్నాటి నుంచి ఆమె సుద్దముక్క ఫోటోల్ని ఒకే పద్ధతిలో తీసింది. అదే బెంచీ, అదే వేళ, అదే దూరం. వెలుగు ఎంతన్నది కెమెరాకి వదలకుండా తనే ఒక చోట బిగించి పెట్టింది. స్టూడియోలో కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు వాడే బూడిదరంగు అట్ట ఒకటి అటక మీద ఉంటే దింపింది. ఆ అట్టలో ఏ రంగూ ఎక్కువా కాదు, తక్కువా కాదు. దాన్ని చిగుళ్ళ పక్కన పెట్టి ఫోటో తీస్తే, కంప్యూటర్‌లో ఆ అట్టని చూపించి "ఇది బూడిదరంగు" అని చెబితే చాలు, మిగతా రంగులు వాటంతట అవే తమ చోటికి వస్తాయి. ఆ తర్వాత ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకునేది.

అట్ట పట్టుకునే పని మేడం తీసుకుంది. రోజూ పొద్దునే వచ్చి, గొట్టంలోంచి పల్చటి ఆహారం పోసేదాకా కూర్చుని, ఫోటోకి అట్ట పట్టుకునేది.  అక్కతో మాత్రం పనికి కావలసినంత మేరకే మాట్లాడేది.

"తగ్గిందా?"

"లేదు మేడం. నిన్నటిలాగే ఉంది."

ఇంకో రోజు, "ఇవాళ?"

"నిన్నటి కంటే కాస్త ఎక్కువగా ఉంది."

 మేడం అట్టని ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు సరిచేస్తూ ఉండిపోయింది. సుద్దముక్క సన్నబడుతోంది. బొచ్చు కింద వెన్నెముక చేతికి తగులుతోంది. పంజరంలో రోజూ ఒక గిన్నెలో మెత్తటి తిండి పెడుతున్నారు. ఆశ కొద్దీ పెట్టడమే. సాయంత్రం దాన్ని పారేసి గిన్నె కడుగుతున్నారు.

ఒక రోజు మబ్బు విడిచి వరండా అంతా ఒక్కసారిగా వెలిగింది. మేడం పెదవి ఎత్తి చూసి, "ఇదిగో, ఇవాళ గులాబీగా కనిపిస్తోంది! చూడు పెద్దమ్మాయ్!" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ అలా పిలిచింది. అక్కకి కూడా గులాబీగానే కనిపించింది. అవునని అనాలని నోటి దాకా వచ్చింది. కెమెరా తెర మీద అట్ట వైపు చూసింది. అట్ట కూడా కాస్త ఎర్రబారి ఉంది.

"ఎండ రంగు మేడం అది. అట్ట మీద కూడా ఉంది చూడండి. లోపల చూసి చెబుతాను."

లోపల చూసింది. మారలేదు. వచ్చి అదే చెప్పింది. మేడం, "సరే," అంది. అట్టని పక్కన పెడుతూ, "నువ్వు లెక్కల్లో ఇంత గట్టిగా ఉండి ఉంటే బాగుండేది," అంది. ఆ మాటలో కోపం ఎంతో, మెచ్చుకోలు ఎంతో అక్క తేల్చుకోలేకపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున, ఫోటో తీయడం అయ్యాక చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద ఫోటోని పెద్దది చేసి చూస్తూ ఆగిపోయింది.

"అక్కా, ఇటు రా. ఈ చుక్క ఏమిటి?"

కోరపన్ను మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్క ఉంది. స్టూడియో రోజుల్లో అయితే ఇలాంటివి కంటపడకముందే తుడిచేసేది. అక్క వంగి చూసింది.

"లెన్సు మీద దుమ్మేమో," అంది చెల్లెలు.

"దుమ్మయితే అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట ఉండాలి." అక్క పక్క ఫోటో తెరిచింది. అందులో పిల్లి తల కాస్త తిప్పి ఉంది. చుక్క పంటితోపాటే తిరిగింది. "ఇది దాని నోట్లోనే ఉంది."

"రక్తమా?"

అక్క ఇంకా దగ్గరగా చూసింది. "రక్తం ఎండితే ఎరుపు కలిసిన నలుపు వస్తుంది. ఇందులో ఎరుపు లేదు. అట్ట ఉంది కాబట్టి ఈ రంగుని నమ్మొచ్చు. గోధుమరంగే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గొట్టంలోంచి పోసేది సూటిగా కడుపులోకే పోతుంది, పంటికి తగలదు. గోధుమరంగులో ఉండేది గిన్నెలో తిండి ఒక్కటే.

చెల్లెలు ముందుగా లేచింది. అక్క వెనకే వెళ్ళింది. పంజరంలో గిన్నె నిండుగానే ఉంది, ఎప్పటిలాగే. చెల్లెలు దాన్ని బయటికి తీసి వెలుగులో పట్టుకుంది. ఒక పక్క అంచున, నాలుక వెడల్పున, చిన్న పల్లం ఉంది. నున్నగా, తడిగా.

"మీరేమైనా వేలితో తినిపించారా మేడం?" అని చెల్లెలు వరండాలోకి వచ్చి అడిగింది.

"నేనా? గొట్టం ఉండగా నోట్లో ఏమీ పెట్టొద్దని నువ్వే చెప్పావుగా." మేడం చూపు ఇద్దరి ముఖాల మీదా, గిన్నె మీదా తిరిగి అక్క దగ్గర ఆగింది. "రంగు మారిందా?"

"లేదు మేడం. రంగు నిన్నటిలాగే ఉంది," అంది అక్క. "కానీ తిన్నాడు. చాలా కొంచెం. పంటి మీద ఉంది."

 మేడం గిన్నె తీసుకుని బెంచీ దిగి, సుద్దముక్కని నేల మీదకి దింపి, దాని ముందు పెట్టింది. ఆవిడ కింద కూర్చోవడానికి పట్టిన సమయంలో పిల్లి ఒకసారి గిన్నెని, ఒకసారి చుట్టూ నిలబడిన కాళ్ళని చూసి తల తిప్పుకుంది.

"ఎవరూ ఇటు చూడకండి," అంది మేడం. "చూస్తే తినడు."

అక్క కెమెరా బెంచీ మీద పెట్టేసింది. ముగ్గురూ వీధి వైపు తిరిగారు. ఎవరో సైకిల్ మీద వెళ్తూ, డాక్టరమ్మకీ, ఆవిడ అక్కకీ, నేల మీద కూర్చున్న ముసలావిడకీ ఒకేసారి తనతో ఏం పని పడిందో అర్థం కాక వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వాళ్ళ వెనక, గిన్నె నేల మీద కాస్త జరిగింది.